అద్దము చెప్పిన మాట

కుండను కొనువారు దానిని వ్రేలితో తట్టి చూతురు. ఖంగుమన్న కొందురు, బొద్దుమన్న విడిచిపెట్టుదురు. బంగారమును కంసాలి ఒరగంటిపై గీసి చూచును. వస్తువు కంటికి ఇంపుగా నున్నంతమాత్రమున చాలదని మన పెద్దలు చిరకాలము క్రిందటనే యెఱుగుదురు. అయితే తళతళలాడు ఒక గాజుబిళ్ల మీ చేతిలో నున్నదనుకొనుడు. దాని ముఖము నున్నగా, కొంచెము పల్లముగా నున్నది. అందు తలవెండ్రుక మందములో వేయవ వంతుకు మించిన హెచ్చుతగ్గు ఏ చోట నున్నను ఆ బిళ్ల చెడినట్లే. ఆ దోషము కంటికి కనబడదు, వ్రేలికి తగులదు. దానిని పట్టుట యెట్లు?

ఈ ప్రశ్నకు మేము సమాధానము వెదకినది ఏ పరిశోధనశాలలోను కాదు. పెద్దపల్లి జిల్లాలోని సెంటినరీ కాలనీలో, ఒక క్వార్టరు ముందుగదిలో.

గోదావరిఖనికిని మంథనికిని నడుమ ఈ కాలనీ యున్నది. సెంటినరీ యనగా శతవార్షికము. 1889లో ఇల్లెందు ప్రాంతమున సింగరేణి బొగ్గు త్రవ్వకము ఆరంభమయినది మొదలు లెక్కించిన నూరేండ్ల జ్ఞాపకము ఆ పేరులో నిలిచినది. చేరువనే ఓపెన్‌కాస్టు గని గలదు. పగటివేళ గనిలో బ్లాస్టింగు జరిగినపుడు ఇండ్ల కిటికీలు గలగలలాడును. పిదప గాలిలో సన్నని దుమ్ము తేలుచుండును. రాత్రులందు రామగుండము వైపు ఆకాశము విద్యుత్కేంద్రపు దీపములచే తెల్లబారి యుండును. నక్షత్రములను చూచుటకు ఇంతకన్న మంచి చోటులు పెక్కులున్నవి. అయినను మనమున్న చోటినుండియే కదా మనము చూడవలసినది!

2020 మార్చిలో కరోనా వ్యాధివలన బడులు మూతపడినవి. నేను అప్పటికే ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించి ఆ కాలనీలో నివసించుచుంటిని. మా ప్రక్క క్వార్టరులో ఒక అక్కయు తమ్ముడును ఉండిరి. అక్క తొమ్మిదవ తరగతికి, తమ్ముడు ఏడవ తరగతికి రావలసినవారు. వారి తండ్రి భూగర్భగనిలో సర్దారు. పిల్లలు పొద్దంతయు ఏమియు తోచక గోడమీద కూర్చుండుట చూచి, ఎన్నడో కొని పెట్టెలో దాచిన రెండు గాజుబిళ్లలను వెలికి తీసితిని. ఒక్కొక్కటి ఆఱంగుళముల అడ్డుకొలతయు, అంగుళము మందమును కలది. వానిలో నొకదానిని దూరదర్శినికి దర్పణముగా చేయవలెనని నా చిరకాలపు కోరిక. ఉద్యోగమున నున్నపుడు తీరిక లేకపోయెను. తీరిక దొరకినపుడు చేతులలో బలము తగ్గెను. పిల్లలకు రెండును ఉండెను.

మన తెలుగునాట దూరదర్శినులకు కొదువ లేదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన వేధశాలలో వారి అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. హైదరాబాదున నవాబు జఫర్ జంగు 1901లో నిజామియా వేధశాలకు పునాది వేసెను. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు జపాల్–రంగాపురమున 48 అంగుళముల దర్పణము గల దూరదర్శినిని నిలిపిరి. ఇవి యన్నియు పరదేశములనుండి వచ్చిన యంత్రములు. నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడై, హైదరాబాదున పెరిగిన వైను బప్పుగారు మాత్రము గొప్ప దర్పణమును మన దేశముననే అరగదీసి మెఱుగుపెట్టవలెనని పట్టుపట్టిరి. గాజు జర్మనీనుండి వచ్చినది గాని, దానిని దర్పణముగా తీర్చినది బెంగళూరులోని మన పనివారే. 2.34 మీటర్ల ఆ దర్పణముతో తమిళనాడులోని కావలూరున పెద్ద దూరదర్శిని 1986లో ప్రారంభమయినది. దానిని చూచుటకు బప్పుగారు లేరు, 1982లోనే గతించిరి. వారి పేరే దానికి పెట్టిరి.

ఇక మా ఆఱంగుళముల కథకు వత్తము. ఒక బిళ్లను బల్లపై కదలకుండ బిగించి, దానిమీద కార్బొరండము పొడియు నీరును వేసి, రెండవ బిళ్లను పైన పెట్టి ముందుకు వెనుకకు త్రోయవలెను. త్రోయుచు బల్లచుట్టు మెల్లగా తిరుగవలెను. పైబిళ్లను చేతిలో కొంచెము కొంచెముగా త్రిప్పవలెను. పైబిళ్ల నడుమ అరిగి పల్లమగును. క్రిందిబిళ్ల అంచులలో అరిగి ఉబ్బును. ఎవరు గీత గీయకయే, అచ్చు పోయకయే గోళాకారపు పల్లము దానియంతట అదే యేర్పడుట ఈ పనిలోని వింత. ఎటు జరిపినను, ఎటు త్రిప్పినను రెండు ముఖములును ఒకదానికొకటి అంటియుండవలెనన్న అవి గోళపు ముక్కలు కాక తప్పదు.

మా దర్పణపు నాభ్యంతరము 1200 మిల్లీమీటర్లు. వక్రతా వ్యాసార్ధము దానికి రెట్టింపు, 2400 మిల్లీమీటర్లు. నడిమి పల్లపు లోతెంత? దర్పణపు వ్యాసార్ధము 75. దాని వర్గము 5625. దానిని 4800చే భాగింపగా 1.17 మిల్లీమీటర్లు. తమ్ముడు ఈ లెక్క చేసి, “ఇంతేనా!” అనెను. ఆ ‘ఇంత’కే అతనికి నెలదినములు పట్టెను. పిమ్మట ముతకపొడి పోయి సన్నపొడి వచ్చెను. సన్నపొడి పోయి మఱింత సన్నది వచ్చెను. చివరకు పిచ్ అను నల్లని జిగట పదార్థమును కరగించి క్రిందిబిళ్లపై పోసి, దానిపై గళ్లుగళ్లుగా గాళ్లు కోసి, సీరియం ఆక్సైడుతో మెఱుగు పెట్టితిమి. మా ప్రాంతపు ఎండకు పిచ్ మధ్యాహ్నమునకే మెత్తబడి ప్రక్కలకు జారును. కావున ఆ పని తెల్లవారుజామున చేసెడివారము.

మెఱుగు వచ్చిన తరువాతనే అసలు చిక్కు. గోళాకారపు దర్పణము నక్షత్రపు కాంతిని ఒక్క బిందువునకు చేర్పజాలదు. పరావలయాకారపు దర్పణమే చేర్పగలదు. మా బిళ్లలో ఈ రెండాకారములకును గల భేదము అంచువద్ద మిల్లీమీటరులో 3500వ వంతు. ఇంత సన్నని భేదమును కొలుచు కొలబద్ద యేది?

దానిని కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడగు లియోన్ ఫూకో. 1851లో పొడవైన లోలకమును వ్రేలాడదీసి భూమి తిరుగుటను ప్రజలకు కన్నులార చూపినవాడు ఇతడే. 1858లో ఇతడు దర్పణ పరీక్షకు ఉపయోగించిన పరికరములు రెండే: ఒక చిన్న దీపము, ఒక కత్తి అంచు. దర్పణపు వక్రతా కేంద్రమువద్ద దీపమును పెట్టినచో, కాంతి దర్పణముపై బడి మరల అక్కడికే వచ్చి ఒక చుక్కగా కూడును. ఆ చుక్కను కత్తి అంచుతో ప్రక్కనుండి మెల్లగా కోయవలెను. దర్పణము నిక్కముగ గోళాకారమయినచో ముఖమంతయు ఒక్కసారిగా మసకబారును. ఎక్కడనైన మిట్టపల్లములున్నచో అక్కడినుండి వచ్చు కాంతి కత్తిని తప్పించుకొనుటయో, ముందే తగులుకొనుటయో జరిగి, ఆ చోటు వెలుగుగానో నీడగానో కనబడును. ప్రొద్దు వ్రాలువేళ బాటమీది గులకఱాయి సహితము బారెడు నీడ వేయుట మీరు చూచియుందురు. ఇదియు నట్టిదే.

ఫూకో కాలమున కత్తి వెనుక కన్ను పెట్టి చూచెడివారు. ఇందొక ఇబ్బంది గలదు. ఒకసారి ఒక్కరే చూడగలరు. చూచినది మఱునాటికి మనసులో మాసిపోవును. ‘నిన్నటికన్న నేడు మేలు’ అని మన కోరికయే మన కంటికి చెప్పును. నా కంటిలో అప్పటికే శుక్లము ముదురుచుండుటచే నాకు నీడలు సరిగా తెలియకుండెను. కాలనీలో ఫోటోగ్రాఫరొకడు గలడు. ఆ యేడు పెండ్లిండ్లు ఆగిపోవుటచే అతని డిజిటల్ కెమెరా పెట్టెలోనే యుండెను. అడుగగా సంతోషముతో ఇచ్చెను.

మా పరికరము అంతయు ఇంటి సామానే. ముందుగది ఒక చివర కొయ్యపీటపై దర్పణము నిలిచెను. 2400 మిల్లీమీటర్ల దూరమున రెండవ చివర బల్ల. బల్లపై జరుగుడు పలక. పలకపై సన్నని చీలికనుండి వెలుగునిచ్చు చిన్న ఎల్.ఇ.డి. దీపము, దాని ప్రక్కన గడ్డము గీసికొను బ్లేడు, బ్లేడునకు వెనుక దానిని దాదాపు తాకుచు కెమెరా కటకము. కటకము దూరమయినచో తిరిగివచ్చు కాంతి యంతయు దానిలో దూఱదు. దర్పణపు అంచులు తెగిపోవును. ఇది తెలియుటకు మాకు రెండు రాత్రులు పట్టినది. పలకను జరుపుటకు ఆఱు మిల్లీమీటర్ల మరబోల్టు బిగించితిమి. ఆ బోల్టు ఒక చుట్టు తిరిగిన పలక సరిగా ఒక మిల్లీమీటరు జరుగును. బోల్టు తలకు ఇరువది భాగములు గీసిన అట్టచక్రము అంటించితిమి. కెమెరానుండి టెలివిజనుకు తీగ కలిపితిమి. దీపములార్పగా ఆఱంగుళముల గాజుముఖము మూరెడు చంద్రబింబమువలె తెరపై వెలిగెను.

మొదటి రాత్రి మేము చూచినది దర్పణమును కాదు, గాలిని. తమ్ముడు ఏదో సరిచేయబోయి కాంతిదారిలో చేయి పెట్టెను. వెంటనే తెరపై అతని వ్రేళ్లనుండి పొగవంటి తీగలు మెలికలు తిరుగుచు పైకి లేచెను. అది పొగ కాదు. చేతి వెచ్చదనమునకు లేచిన గాలి! ఆ రాత్రి కాలనీ పిల్లలు వరుసగా వచ్చి తమ చేతులను పెట్టి చూచుకొనిరి. పిమ్మట అక్క దర్పణపు ముఖముపై బొటనవ్రేలిని కొంతసేపు ఆనించి తీసెను. ఆనిన చోట గాజు వేడికి ఉబ్బి కొండవలె కనబడెను; ఆ కొండ మెల్లమెల్లగా చల్లారి మునిగిపోయెను. గాజు రాయివంటిదనుకొనుచుంటిమి. అది వ్రేలి వేడికే కదలును. ఇంక పగటివేళ బ్లాస్టింగు జరిగినపుడు చెప్పవలెనా? తెరపై చంద్రుడు జాతరలో రంగులరాట్నమువలె ఊగెను. ఆనాటినుండి పరీక్షను రాత్రి పది దాటిన తరువాత, పంకా ఆపి, తలుపులు మూసి, గది చల్లారువఱకు కూర్చుండి చేసితిమి. ఈ కూర్చుండుటయే పిల్లలకు మిక్కిలి కష్టమయినది.

నవంబరు నెలాఖరునకు దర్పణము ముగింపునకు వచ్చినట్లుండెను. ఆ తొందరకు కారణమున్నది. ఆ యేడు డిసెంబరు 21వ తేదీన గురుడును శనియును ఆకాశమున చంద్రబింబపు అడ్డుకొలతలో అయిదవ వంతు దూరమునకు చేరనుండిరి. 1623 తరువాత ఆ రెండు గ్రహములు అంత దగ్గరగా కనబడుట అదియే మొదటిసారి. ‘మన కాలనీలో చేసిన దూరదర్శినితో అందఱకు చూపెదను’ అని నేను నలుగురితో చెప్పియుంటిని. మాట ఇచ్చినవాడు తొందరపడును. చివరి వారములలో, పని త్వరగా సాగుటకై, త్రోపులను పొడవుగా వేయుడని పిల్లలకు చెప్పినది నేనే.

డిసెంబరు మొదటివారమున రోంకీ పరీక్ష చేసితిమి. వాస్కో రోంకీ ఇటలీ దేశీయుడు. 1923లో ఈ పద్ధతిని ప్రకటించెను. బ్లేడునకు బదులు మిల్లీమీటరునకు నాలుగేసి నల్లగీతలు గల పారదర్శకపు పొరను పెట్టవలెను. అప్పుడు దర్పణముపై నల్లని పట్టెలు కనబడును. గోళాకారమయిన పట్టెలు తిన్నగా నుండును. పరావలయమయిన మెత్తగా వంగియుండును. మా పట్టెలు నడుమ చక్కగా, అందముగా వంగియుండెను. కాని ప్రతి పట్టెయు చివరకు వచ్చుసరికి కొడవలి కొనవలె ఒక్కసారిగా లోనికి తిరిగెను.

అక్క చాలసేపు చూచి, “సారూ, అంచు దిగిపోయింది” అనెను.

నేను వెంటనే ఒప్పుకొనలేదు. “అది కెమెరా దోషము బిడ్డా. కటకపు అంచులలో గీతలు వంగుట సహజము” అంటిని. అది పూర్తిగా అబద్ధమును కాదు. కెమెరా కటకములు అట్లు చేయుట కలదు. కాని నేనట్లు అనినది దానిని పరీక్షించి కాదు, డిసెంబరు 21వ తేదీ దగ్గరపడుచున్నదని.

ఆమె నాతో వాదింపలేదు. కెమెరాను కొంచెము ప్రక్కకు త్రిప్పి, దర్పణము చిత్రపు నడుమ గాక ఒక మూలకు వచ్చునట్లు ఫోటో తీసెను. కొక్కెములు చిత్రపు అంచును అనుసరింపలేదు. దర్పణపు అంచుననే యుండెను. పిమ్మట కెమెరాను తీసివేసి, గీతల పొర వెనుక తన కంటినే పెట్టి చూచెను, తమ్మునిచే చూపించెను. ఇద్దఱకును కొక్కెములే కనబడెను. చివరకు నల్లకాగితమును ఉంగరముగా కత్తిరించి దర్పణపు అంచును కప్పెను. కొక్కెములు మాయమయ్యెను, మిగిలిన పట్టెలు నిర్దోషముగా నుండెను. ఫోటోలో దర్పణపు అడ్డుకొలత 1500 చుక్కలు. కొక్కెము ఆక్రమించినది 50 చుక్కలు. అనగా చెడినది చుట్టును అయిదు మిల్లీమీటర్లు. “అయిదే కదా” అని నేను మరల అనబోయితిని. ఆమె లెక్క వేసి చూపెను: వెడల్పు అయిదే కాని, ఆ ఉంగరపు వైశాల్యము ముఖములో ఎనిమిదవ వంతు. అంత కాంతియు చుక్కలో కూడక చుట్టును చెదరి, సన్నని వివరములపై ముసుగు వేయును.

అప్పుడు వారి తండ్రి రెండవ షిఫ్టు దిగి వచ్చి, గడపలో నిలుచుండి ఇదంతయు వినుచుండెను. గనిలో పనివారు లోనికి పోకముందు పైకప్పును కట్టెతో కొట్టి, చప్పుడు విని, గట్టిదో కాదో నిశ్చయించుట సర్దారు పనులలో నొకటి. ఆయన నవ్వి, “సారూ, పైకప్పు బోలుగా మోగితే కట్టె మంచిది కాదని దాని కిందికి పోతామా?” అనెను.

నాకు సిగ్గువేసెను. ఏలనగా ఈ పొరపాటునే గొప్పవారు చేసిన కథను నేను బడిలో పలుమార్లు చెప్పియుంటిని. 1990 ఏప్రిల్ 24వ తేదీన అమెరికావారు హబుల్ అను దూరదర్శినిని ఆకాశమునకు పంపిరి. దాని దర్పణపు అడ్డుకొలత 2.4 మీటర్లు, అంత నున్నని దర్పణము అంతకుముందు లేదనిరి. పైకి పోయిన పిదప చూచిన నక్షత్రములు చెదరిన మచ్చలుగా కనబడెను. దర్పణపు అంచు ఉండవలసిన దానికన్న మిల్లీమీటరులో దాదాపు 450వ వంతు చదునుగా నుండెను. కారణము విచారింపగా, దర్పణమును పరీక్షించిన ముఖ్య పరికరములోని ఒక కటకమే 1.3 మిల్లీమీటర్లు తప్పుచోట బిగింపబడినదని తేలెను. ఆ పరికరము చెప్పినట్లే దర్పణమును నిష్ఠతో అరగదీసిరి! ఇంతకన్న విచారకరమైన సంగతి మఱొకటి గలదు. వేఱు రెండు సాధారణ పరికరములు దోషమున్నదని ముందే చెప్పినవి. అవి అంత సూక్ష్మమైనవి కావని వాని మాట త్రోసివేసిరి. 1993 డిసెంబరులో వ్యోమగాములు పైకి పోయి, దోషమును సరిదిద్దు దర్పణములను అమర్చినగాని దాని చూపు కుదురుపడలేదు. మా యింట కెమెరా, కన్ను, కాగితపుటుంగరము మూడును ఒక్కమాటనే చెప్పుచున్నవి. కాదనుచున్నది నేనొక్కడను.

21వ తేదీకి పదునాలుగు దినములే యుండెను. ఏమి చేయుట? అక్కయే దారి చూపెను. నల్లకాగితపు ఉంగరమును అట్లే ఉంచి, 140 మిల్లీమీటర్ల దర్పణముగా వాడుద మనెను. అద్దమునకు అల్యూమినియం పూత లేదు. ఉత్త గాజు తనపై బడిన కాంతిలో నూటికి నాలుగు పాళ్లు మాత్రమే తిరిగి పంపును. కాని గురుడును శనియును కాంతివంతమైన గ్రహములు. మసకగా కనబడును గాని స్పష్టముగా కనబడునని లెక్క తేలెను. అట్టగొట్టమున దర్పణమును బిగించి, కొన్న చిన్న అద్దమును, కంటి కటకమును అమర్చితిమి.

ఆ సాయంకాలము ప్రొద్దు క్రుంకిన పిదప కాలనీ మైదానమున ముఖములకు మాస్కులు కట్టుకొని జనులు దూరదూరముగా నిలిచిరి. నైరృతి దిక్కున రెండు చుక్కలు ఒకదాని నొకటి ఒరసికొనుచున్నట్లుండెను. దూరదర్శినిలో గురుడు చిన్న బిళ్లయై, దానికి కొంచెము దూరమున శని తన వలయముతో ఒక్క చూపులోనే కనబడిరి. ఒక ముసలమ్మ మాత్రము, “శనిని చూడవచ్చునా నాయనా?” అని వెనుకాడెను, తరువాత అందఱికన్న ఎక్కువసేపు చూచినది ఆమెయే. ఒకరు “మసకగా నున్నది సారూ” అనిరి. నిజమే. పూత లేదనియు, అంచు చెడినదనియు, చెడినది నా తొందరవలననే యనియు చెప్పితిని.

సంక్రాంతి వెళ్లిన తరువాత పిల్లలు మరల పని మొదలుపెట్టిరి. దిగిపోయిన అంచును లేపుట ఎవరితరము? గాజును తీయవచ్చునుగాని అతుకవచ్చునా? కావున మిగిలిన ముఖమునంతయు అంచు మట్టమునకు దింపవలెను. పిచ్‌ను గట్టిదానిగా మరల పోసి, అడ్డుకొలతలో మూడవవంతుకు మించని పొట్టి త్రోపులు వేసిరి. ప్రతి రాత్రియు ఒక ఫోటో. దానిపై తేదీ, వరుస సంఖ్య. వారము దినములు గడచినను భేదము కనబడలేదని తమ్ముడు అలిగి ఇంటికి పోయెను. అక్క అతనిని పిలిచి మొదటి ఫోటోను, ఏడవ ఫోటోను తెరపై ప్రక్కప్రక్కన పెట్టెను. కొక్కెము 50 చుక్కలనుండి 41 చుక్కలకు వచ్చియుండెను. కంటికి తెలియని తొమ్మిది చుక్కలు! అతడు మాఱు పలుకక చేతులు కడుగుకొని బల్లవద్దకు పోయెను.

మార్చినాటికి కొక్కెములు పోయెను. ఇక పరావలయము చేయుట. అట్టకు కిటికీలు కోసి దర్పణముపై కప్పి, నడిమి వలయమునకును అంచు వలయమునకును కత్తి ఎక్కడ నిలిచిన నీడ సమమగునో బోల్టు చక్రముపై చదువవలెను. మా కిటికీలు కేంద్రమునుండి 20, 70 మిల్లీమీటర్ల దూరమున నుండెను. 70 వర్గము 4900. 20 వర్గము 400. భేదమును 4800చే భాగింపగా 0.94 మిల్లీమీటరు. మా దర్పణములో మొదట వచ్చినది 0.5; పిమ్మట 0.7, ఒకనాడు అత్యాశకు పోగా 1.2 అయి కూర్చుండెను. మరల వెనుకకు రావలసివచ్చెను. ఏప్రిల్ మొదటివారమున మూడు రాత్రులు వరుసగా కొలువగా మూడుసార్లును 0.9కిని 0.95కిని నడుమనే వచ్చెను. నాల్గవ రాత్రి కూడ కొలువుమని అక్కకు నేను చెప్పలేదు; ఆమెయే కొలిచెను.

ఆ నెలలో కరోనా రెండవ విడత వచ్చి మేమందఱము ఇండ్లలో బందీలమైతిమి. దర్పణము మెత్తని గుడ్డలో చుట్టబడి బియ్యపుడబ్బా ప్రక్కన నాలుగు నెలలుండెను. వానకాలమున దానిని దూరపట్టణమునకు పంపగా అల్యూమినియం పూతతో తిరిగి వచ్చెను. 2021 అక్టోబరులో మబ్బులు విడిచిన తరువాత దక్షిణాకాశముననున్న శనిని చూచితిమి. వలయములను రెండుగా చీల్చు సన్నని నల్లగీత యొకటి గలదు. కాసిని అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు 1675లో దానిని కనుగొనెను. క్రిందటి డిసెంబరులో మాకది కనబడలేదు. ఇప్పుడు వలయపు రెండు కొనలయందును తలవెండ్రుకవలె తెలిసెను. శుక్లము తీయించుకొన్న నా కంటికి కూడ తెలిసెను.

కొక్కెములున్న ఆ మొదటి ఫోటోను అక్క పారవేయలేదు. అచ్చువేయించి, చివరి ఫోటో ప్రక్కన మా ముందుగది గోడకు అంటించినది.

ఆ పిదప పిల్లలు ఎనిమిదంగుళముల బిళ్లను పట్టిరి. కాని అప్పటికి కాలనీలో పెండ్లిండ్లు మరల మొదలయినవి. ఫోటోగ్రాఫరు తన కెమెరాను తీసికొనిపోయెను. ఒక రాత్రి నేను పోయి చూచునప్పటికి, అక్క తీగలన్నియు విప్పివేసి, ఫూకో చేసినట్లే కత్తి వెనుక కన్ను పెట్టి కూర్చుండియుండెను. “అంచు బాగానే ఉంది” అనెను.

“ఫోటో లేకుండ నీ మాట ఎట్లా నమ్మేది?” అని తమ్ముడు అడిగెను.

“ఆదివారం ముహూర్తాలు లేవు. కెమెరా వస్తుంది, అప్పుడు చూసుకో” అని ఆమె కన్ను తీయకయే బదులు చెప్పెను.